స్కూలు క్యాంటీన్ వాళ్లకు పోషకాహార శిక్షణ: మీరు సరే అంటారా, వద్దంటారా?

రాగిసంగటి (మంగళవారం, రాత్రి 9:40)
బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపున్న మా పాప స్కూలు నుంచి నిన్న చీటీ వచ్చింది. క్యాంటీన్‌లో వండేవాళ్లకు, వడ్డించేవాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇప్పిస్తారట. శుభ్రత, ఏ వయసు పిల్లలకు ఎంత పెట్టాలి, ఎలర్జీలు, పిల్లలకు ఒంట్లో బాగోలేకపోతే ఎలా గుర్తుపట్టాలి, ఇవీ అంశాలు. పిల్లకు 300 రూపాయలు. సరేనో కాదో శుక్రవారం లోపు చెప్పాలి. తల్లిదండ్రుల గ్రూపులో సగం మంది "వంటవాళ్లకు ఇదంతా ఎందుకు" అంటున్నారు.

మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా టైప్ 1 షుగర్, అంటే రోజూ ఇన్సులిన్ ఇవ్వాల్సిందే. పోయిన ఆగస్టులో ఒకరోజు ఇంటర్వెల్‌లో క్యాంటీన్ లైనులో ఉండగా చేతులు వణికి, చెమటలు పట్టాయి. జ్యూస్ డబ్బా అడిగింది. కార్డులో డబ్బులు లేవు. "మిస్ దగ్గర చీటీ తీసుకురా" అన్నారు కౌంటరు దగ్గర. తోటి పిల్ల పరుగెత్తి టీచరును పిలుచుకొచ్చింది. చూస్తే షుగర్ 54కి పడిపోయింది. 70 కంటే తగ్గితే చాలు, వెంటనే తీపి ఇవ్వాలి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, అంతే. టీ కోసం పెట్టిన చక్కెర డబ్బా ఆ కౌంటరు మీదే ఉంది.

నెల్లూరు నాన్న (రాత్రి 10:15)
పాప విషయం చదివి బాధేసిందండీ. కానీ నేను వద్దనే అంటాను. అది నర్సు పని, టీచరు పని. వడ్డించే మనిషికి రెండు రోజుల క్లాసు చెబితే డాక్టరు అయిపోదు, సలహాలు మొదలుపెడుతుంది. మా అమ్మాయికి పన్నెండేళ్లు, వేరే స్కూలు. అక్కడ ఇలాంటి క్లాసే పెట్టారు. మరుసటి వారం క్యాంటీన్ ఆవిడ అందరి ముందూ "నీకు రెండో చపాతీ ఎందుకమ్మా" అంది. మూడు నెలలుగా పిల్ల క్యాంటీన్ గడప తొక్కడం లేదు. ఇంటి నుంచి పంపిన బాక్సు సగం అలాగే వెనక్కి వస్తోంది.

హొసూరు రోడ్డు (రాత్రి 10:22)
మా స్కూల్లో గుడ్డు పెట్టమంటే పెట్టరు. ముందు దానికి ఎవరైనా శిక్షణ ఇస్తే బాగుండు.

కేఆర్ పురం (రాత్రి 10:41)
గుడ్డు గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. శిక్షణ కొత్తదేం కాదు. వండి వడ్డించేవాళ్లలో ప్రతి పాతికమందికీ ఒక్కరైనా శిక్షణ పొందిన సూపర్‌వైజరు ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఎప్పటినుంచో చెబుతోంది. 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి స్కూల్లోనే కాదు, గేటు నుంచి 50 మీటర్ల లోపు కూడా పిల్లలకు అమ్మకూడదు. మా స్కూలు గేటు పక్కనే చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి.

నెల్లూరు నాన్న (రాత్రి 11:02)
శుభ్రత నేర్పండి, నేను కాదన్నానా? చీటీలో "ఎంత పెట్టాలి" అని ఉందా లేదా? నా గొడవ ఆ ఒక్క ముక్కతోనే.

రాగిసంగటి (రాత్రి 11:20)
నాకు కావలసిందీ ఆ ఒక్క ముక్కేనండీ. పాప ఎంత తింటుందో చూసి ఇన్సులిన్ లెక్క వేస్తాం. ఇవాళ ఒక గరిటె అన్నం, రేపు ప్రేమగా రెండు గరిటెలు వేస్తే లెక్క తప్పుతుంది. ఒకసారి "రాగి షుగరుకు మంచిదే కదా" అని రెండు గ్లాసుల జావ పోశారు. రాగిలోనూ పిండిపదార్థం బియ్యానికి దగ్గరగానే ఉంటుంది. మంచి మనసుతోనే పోశారు, తెలియక.

నెల్లూరు నాన్న (రాత్రి 11:31)
ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. గ్లూకోజ్ పాప దగ్గర ఎందుకు లేదు?

రాగిసంగటి (రాత్రి 11:34)
బ్యాగులో ఉంది. బ్యాగు రెండో అంతస్తులో ఉంది. క్యాంటీన్ కింద.

నెల్లూరు నాన్న (రాత్రి 11:38)
జేబులో పెట్టాల్సింది.

రాగిసంగటి (రాత్రి 11:52)
అప్పటినుంచి జేబులోనే పెడుతున్నాను. ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. ఇంకేం చేయమంటారు, రోజంతా గేటు దగ్గర కూర్చోమంటారా?

నెల్లూరు నాన్న (బుధవారం, ఉదయం 6:50)
మీ పిల్ల బాధ్యత మీది, నా పిల్ల బాధ్యత నాది. కాంట్రాక్టరు ఇచ్చే నాలుగు రాళ్లకు పొద్దున్నుంచి నిలబడే మనిషి నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

రాగిసంగటి (ఉదయం 7:05)
నా బాధ్యత నేను ఎవరి నెత్తినా పెట్టలేదు. వణుకుతున్న పిల్లను చూసి చీటీ తెమ్మనకూడదని చెప్పడం కూడా తప్పేనా?

మదనపల్లె (ఉదయం 8:30)
రాత్రంతా చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాస్తున్నాను. మా అమ్మ మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. నెలకు 3,000. చిన్న తరగతుల పిల్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అని ప్రభుత్వ లెక్క గోడ మీద రాసి ఉండేది. అమ్మకు చదువు రాదు. కానీ ఏ పిల్లాడు సోమవారం రెండుసార్లు పెట్టించుకుంటాడో, ఎందుకు పెట్టించుకుంటాడో తెలుసు. ఆదివారం వాళ్లింట్లో పొయ్యి వెలిగేది కాదు. 2013లో బీహారులో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో పురుగుమందు కలిసి. మరుసటి వారం నుంచి మా బడిలోనూ ముందు అమ్మే తిని చూపించాలన్నారు. నూనె ఎక్కడ కొనాలో మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

నేను శిక్షణ వద్దనడం లేదు. రేపు ఏదైనా జరిగితే "నీకు నేర్పించాం కదా, సంతకం కూడా పెట్టావు" అంటారని నా భయం. రాగిసంగటి గారూ, ఆ రోజు కౌంటరు దగ్గరున్న ఆమె జ్యూస్ డబ్బా ఎందుకు ఇవ్వలేదో అడిగారా?

రాగిసంగటి (ఉదయం 9:48)
అడిగాను. ఇందాక రాయలేదు, ఇప్పుడు రాస్తాను. మర్నాడు కోపంగా వెళ్లాను. ఆమెది శ్రీనివాసపురం వైపు, తెలుగే మాట్లాడుతుంది. "డబ్బా లెక్క తప్పితే నా జీతంలో పట్టుకుంటారమ్మా. పోయిన నెల నాలుగొందలు పోయింది. పాపకు షుగరని నాకెవరూ చెప్పలేదు" అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. స్కూల్లో చేర్చేటప్పుడు నేను ఫారంలో అంతా రాసిచ్చాను. ఆ కాగితం ఆఫీసు బీరువా దాటలేదు.

మదనపల్లె (ఉదయం 9:55)
ఆమెకు తెలియకపోవడం ఒక ఎత్తు. తెలిసినా, చేయి చాపి ఇచ్చే హక్కు లేదు కదండీ.

నెల్లూరు నాన్న (ఉదయం 10:30)
నేనూ ఒకటి దాచాను. చపాతీ మాట ఆవిడ సొంతంగా అనలేదు. పిల్లల బరువులు కొలిచి, ఎక్కువున్నవాళ్ల పేర్ల ఎదురుగా ఎర్ర చుక్క పెట్టి, ఆ కాగితం కౌంటరు లోపల అంటించారట. మా అమ్మాయి చూసింది. ఆవిడకు ఏది చెప్పమన్నారో అదే చెప్పింది. నేను ఆవిడ మీద కంప్లైంట్ ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ అక్కడ లేదు.

కేఆర్ పురం (ఉదయం 10:41)
ఆ కాగితం తీసేశారా?

నెల్లూరు నాన్న (ఉదయం 10:44)
తెలియదు. ఇవాళ వెళ్లి చూస్తాను.

రాగిసంగటి (మధ్యాహ్నం 1:15)
చీటీ వెనక ఇలా రాశాను: "శిక్షణకు సరే. కానీ కౌంటరులో చక్కెర, జ్యూస్ విడిగా పెట్టాలి. పిల్ల వణుకుతుంటే కార్డు అడగకుండా ఇవ్వాలి. ఆ ఖర్చు వడ్డించేవాళ్ల జీతంలో పట్టకూడదు. జబ్బున్న పిల్లల వివరాలు వాళ్ల తల్లిదండ్రులు సరేనంటే క్యాంటీన్‌కు ముందే చెప్పాలి. ఏ పిల్ల ఒళ్లు గురించీ, ప్లేటు గురించీ ఎవరూ పైకి మాట అనకూడదు. శిక్షణ రెండు రోజులూ పూర్తి కూలి ఇవ్వాలి."

నెల్లూరు నాన్న (మధ్యాహ్నం 1:40)
బరువుల కాగితం ఎక్కడా అంటించకూడదని కూడా రాయండి.

రాగిసంగటి (మధ్యాహ్నం 1:42)
రాశాను.

నెల్లూరు నాన్న (మధ్యాహ్నం 1:50)
మా స్కూలుకు నేనూ ఇలాగే రాసిస్తాను. కానీ 300 తల్లిదండ్రులు ఎందుకు కట్టాలి? అది కాంట్రాక్టరు కట్టాలి. అక్కడ మాత్రం నేను మారను.

హొసూరు రోడ్డు (మధ్యాహ్నం 2:05)
ఆ పని పోయిన ఆవిడ ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి సార్.