అమ్మని అమృత్‌సర్ తీసుకెళ్ళాలి, వైజాగ్ నుంచి వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

సీతమ్మధార_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా అమ్మకి స్వర్ణదేవాలయం చూడాలని ఎప్పట్నుంచో కోరిక, గురుద్వారా జంక్షన్ మీదుగా వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది, ఈ సంక్రాంతి సెలవుల్లో తీసుకెళ్దామనుకుంటున్నా. మోకాళ్ళ నొప్పులున్నాయి, శనివారం ఉల్లి వెల్లుల్లి ముట్టదు. ఒక ట్రావెల్స్ వాళ్ళు ఢిల్లీ ఆగ్రాతో కలిపి ప్యాకేజీ చెప్పారు, అందులో అమృత్‌సర్‌కి ఒక్క పూటే, గుడి, జలియన్‌వాలా బాగ్, వాఘా బోర్డర్ మూడూ ఆ పూటలోనే. సరిపోద్దా? ట్రైనా ఫ్లైటా?

గాజువాక_రాజు:
ఒక్క పూటంటే వద్దు బ్రో. వాఘా ఊరి నుంచి 30 కిలోమీటర్లు ఉంటుంది, సాయంత్రం పరేడ్‌కి చాలా ముందే వెళ్ళి కూర్చోవాలి, చెకింగ్‌లు, నడక, మెట్లు, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అదంతా ఎందుకు. ట్రైనంటే మన హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ వైజాగ్ నుంచి డైరెక్ట్ అమృత్‌సర్‌కే, రోజూ ఉండదు, సంబల్‌పూర్, బిలాస్‌పూర్, ఢిల్లీ మీదుగా రెండు రాత్రుళ్ళు ట్రైన్‌లోనే. జనవరిలో మాత్రం అటు పొగమంచుకి ట్రైన్లు గంటలు గంటలు లేటవుతాయి, ఫ్లైట్లకీ అదే గొడవ.

ఎంవీపీ_లక్ష్మి:
తమ్ముడూ, సంక్రాంతికి వద్దు, ఫిబ్రవరి ఆఖర్లో పెట్టుకో. మనం లంబసింగి చలి చూసే అబ్బో అంటాం, అక్కడ చెప్పులే కాదు సాక్సులు కూడా బయటే విప్పి, గుమ్మం దగ్గర పారే నీళ్ళలో కాళ్ళు తడుపుకుని లోపలికెళ్ళాలి, ఆ తర్వాతంతా పాలరాయి. అక్కడక్కడ తివాచీలు పరుస్తారనుకో, అయినా జనవరిలో మా అత్తగారు అల్లాడిపోయారు.

నేను చెప్పేదొకటే, రాత్రి ఆ చుట్టుపక్కలే బస చేసి తెల్లవారకముందే వెళ్ళండి. ఎదురుగా ఉండే అకాల్ తఖ్త్ అనే భవనం నుంచి సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌ని పల్లకీలో హర్‌మందిర్ సాహిబ్‌కి, అంటే ఆ బంగారు గుడికి, తీసుకొస్తారు, టైమ్ సీజన్‌ని బట్టి మారుద్ది, ముందురోజే కనుక్కో. పూలతో నింపిన పల్లకీ, ఒక్కసారి భుజం ఆనిస్తే చాలని జనం ఒకరి తర్వాత ఒకరు ముందుకొస్తూనే ఉంటారు, మా అత్తగారికి భాష ఒక్క ముక్క రాదు, చేతులు జోడించి అలా ఏడుస్తూ నిలబడిపోయారు. ఇది ప్యాకేజీలో దొరకదు.

లంగర్, అంటే అక్కడి ఉచిత భోజనశాల, రాత్రీ పగలూ నడుస్తుంది, కులం మతం అడగరు, డబ్బులడగరు, అందరూ ఒకే వరసలో నేల మీద కూర్చోవాలి. అమ్మ కింద కూర్చోలేకపోతే అక్కడ సేవ చేసే సేవాదార్లకి ముందే చెప్పు. రొట్టె రెండు చేతులూ చాపి తీసుకోవాలి. పప్పు కూరల్లో ఉల్లి వెల్లుల్లి ఉంటాయి, కాబట్టి శనివారం కాకుండా చూసుకో. తిన్నాక కాసేపు బఠాణీలు ఒలిచే చోట కూర్చోండి, అక్కడ ఎవరైనా చెయ్యి వెయ్యొచ్చు, అమ్మకి చాలా నచ్చుద్ది.

డాక్‌యార్డ్_రిటైర్డ్:
బాబూ, అమ్మగారికి వెళ్ళేముందే కాస్త కథ చెప్పు, చూసేదానికి అర్థం ఉంటుంది. గుడి చుట్టూ ఉన్న సరోవరం తవ్వించింది సిక్కుల నాలుగో గురువు రామదాస్ గారు, 1577లో. గుడి కట్టించి 1604లో ఆది గ్రంథాన్ని (గురు గ్రంథ్ సాహిబ్ మొదటి రూపం) అందులో పెట్టింది ఐదో గురువు అర్జున్ దేవ్ గారు. నాలుగు వైపులా వాకిళ్ళు, ఎవరైనా రావచ్చని. ఆ బంగారు తాపడం తర్వాత మహారాజా రంజిత్ సింగ్ చేయించింది. నాతో పనిచేసిన సర్దార్‌జీ ఒకాయన ఇవన్నీ చెప్పి చెప్పి నన్ను పంపించాడు, ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

జలియన్‌వాలా బాగ్ అక్కణ్ణుంచి నడిచి వెళ్ళే దూరమే. 1919 ఏప్రిల్ 13, వైశాఖి రోజు, డయ్యర్ కాల్పులు జరిపించిన చోటు. లోపలికెళ్ళే సందు ఎంత ఇరుకో చూడు, గోడల మీద తూటా గుర్తులు, జనం దూకిన బావి ఇప్పటికీ ఉన్నాయి. టౌన్ హాల్‌లో దేశవిభజన మ్యూజియం కూడా చూపించు, దానికి తీరిగ్గా టైమ్ పెట్టుకోవాలి.

సీతమ్మధార_అబ్బాయి:
చాలా థాంక్స్ అండీ అందరికీ. ప్యాకేజీ వద్దని చెప్పేశా, ఫిబ్రవరి ఆఖరికి మార్చుకుంటున్నా, అమ్మకి లోయర్ బెర్త్ దొరికితే హీరాకుడ్‌కే. వాఘా వదిలేస్తున్నాం. లక్ష్మక్కా, తలకి గుడ్డ అక్కడ ఇస్తారా, ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళాలా?

ఎంవీపీ_లక్ష్మి:
గుమ్మాల దగ్గర ఉంటాయి తమ్ముడూ. అయినా నీకోటి జేబులో పెట్టుకో, టోపీ పనికిరాదు. అమ్మకి చీరకొంగు జారుతుంటుంది, ఒక కాటన్ చున్నీ తీసుకెళ్ళు.