జెయింట్ రోబోట్ ఇప్పటి పిల్లలకి చూపించాలా, వద్దా?

రామంతాపూర్_యాంటెన్నా:
80ల మధ్యలో దూరదర్శన్‌లో జెయింట్ రోబోట్ చూసి పెరిగినవాళ్ళు ఇక్కడ ఉంటే మీ అభిప్రాయం కావాలి. మావాడితో కలిసి మళ్ళీ మొదటినుంచీ చూస్తున్నా, ఇంట్లో దీనిమీద గొడవ నడుస్తోంది. మా బావగారు ఏమంటారంటే ఆ రబ్బరు సూట్లు చూస్తే నవ్వొస్తుంది, ఆ తుపాకులు చూస్తే భయమేస్తుంది, రెండూ పదేళ్ళ పిల్లాడికి అక్కర్లేదు అని. నేను చూపించాల్సిందే అంటున్నా, అదీ ఒక్క సీను కూడా దాటెయ్యకుండా.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా: 1967 అక్టోబర్ నుంచి 1968 ఏప్రిల్ దాకా జపాన్ టీవీలో వచ్చింది, తోయీ కంపెనీ తీసింది, మొత్తం 26 ఎపిసోడ్లు, మూలకథ మిత్సుతెరు యొకొయామా గీసిన బొమ్మల కథ. అమెరికావాళ్ళు ఇంగ్లీషులోకి డబ్ చేసి పిల్లాడికి జానీ సోకో అని పేరు పెట్టారు, మన దూరదర్శన్‌కి వచ్చింది ఆ ఇంగ్లీషు ముక్కే. సముద్రం అడుగున ఓడలో ఉండే గిలటీన్ అనే వేరే గ్రహం చక్రవర్తి, వాడి గార్గోయిల్ ముఠా, వాళ్ళు వదిలే రాకాసులు ఒకపక్క. ఇంకోపక్క యూనికార్న్ అనే సంస్థ, అందులో యూ7 నంబరుతో చేరిన ఈ పిల్లాడు, వాడు చేతి గడియారంలో మాట్లాడితే కదిలే ఫారో మొహం రోబో. వేళ్ళలోంచి మిసైళ్ళు వదిలేది, గుర్తొచ్చిందా?

ఇప్పుడు చూస్తే బిల్డింగులు బొమ్మవని, రాకాసి లోపల మనిషున్నాడని ఎవరికైనా తెలుస్తుంది, దాన్ని నేను కాదనట్లేదు. కానీ చిన్నప్పుడు మనం భయపడింది నిజంగా రాకాసిని చూసేనా? నాకు మాత్రం మొదటి ఎపిసోడ్‌లోనే ఆ రోబోని తయారుచేసిన డాక్టర్ గార్డియన్ తుపాకీ దెబ్బకి చచ్చిపోవడం ఇప్పటికీ గుర్తుంది. గార్గోయిల్ ముఠా బలవంతంగా పట్టుకొచ్చి రోబో కట్టించుకున్న సైంటిస్టు ఆయన, రోబో వాళ్ళ చేతికి పోకూడదని అణుబాంబు పెడతాడు, ఆ పేలుడు శక్తితోనే రోబో లేస్తుంది, ఆయన మాత్రం మళ్ళీ రాడు. ఎవరూ వచ్చి బతికించరు. ఆ తర్వాత పెద్దవాళ్ళెవరూ ఆ పిల్లాడితో నువ్వు ఇంట్లో కూచో అనరు, ఎందుకంటే రోబో వాడి గొంతు తప్ప ఇంకెవరి గొంతూ వినదు, ఊరు తగలబడుతుంటే వాడు ఏడుస్తూనే ఆర్డర్ ఇవ్వాలి, వాడు తప్పుగా చెబితే రోబో తప్పే చేస్తుంది. పదేళ్ళ పిల్లాడిమీద అంత భారం పెట్టి, దాన్ని తేలిగ్గా తీసుకోని సీరియల్ అది. ఇప్పుడు మావాడు చూసే కార్టూన్లలో ఎవరు పోయినా రెండు ఎపిసోడ్లు తిరక్కుండా వెనక్కొచ్చేస్తారు. అందుకే అంటున్నా, రబ్బరు సంగతి పక్కన పెట్టండి, లోపల ఉన్న విషయం గట్టిది.

నల్లకుంట_అక్క:
నేను పూర్తిగా వ్యతిరేకం అండీ. మీరు చెప్పిన భారం సంగతి బాగానే ఉంది కానీ ఆ పిల్లాడి చేతిలో గడియారం ఒక్కటే లేదు, తుపాకీ కూడా ఉంది, దాంతో మనుషుల్ని కాలుస్తాడు. వాళ్ళు ముఠా వాళ్ళే అనుకోండి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడిపోయేవాళ్ళందరూ మనుషుల్లాగే ఉంటారు కదా. దాన్ని ఇవ్వాళ నేను నా క్లాసులో పిల్లల ముందు వెయ్యగలనా? ఇంకొకటి, అందులో ఒక పెద్ద కన్ను వస్తుంది, కన్ను ఒక్కటే, ఊరి మీదకి. అది చూశాక నేను రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే మా అమ్మ తోడు రావాల్సి వచ్చేది, చాలా రోజులు. మగపిల్లలు ఆ భయాన్ని ఇప్పుడు ఏదో గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ మాకేం గొప్పగా లేదు. ఆడపిల్లలకి అందులో దక్కింది కూడా తక్కువే, గడియారం మగపిల్లాడికే.

కుషాయిగూడ_పోరడు:
అన్నా, ఏమాటకామాట చెప్పాలె. గప్పుడు మనకి ఇంగ్లీషు ఏమొచ్చు? మా గల్లీల ఒక్క ఇంట్లనే టీవీ, ఈసీ టీవీ, షట్టర్ తలుపులది, గా ఇంటి ముందుగది నిండా పిల్లలే, కిటికీ బయట ఇంకొందరు. డైలాగులు ఒక్కటి సమజ్ కాకపోతుండె. మా పెద్దమ్మ కొడుకు ఒకడు సెయింట్ ఏదో స్కూల్ల చదువుతుండె, వాడు పక్కన కూసొని చెప్తుంటే మేం విన్నం, వాడికి గూడ సగమే తెలుసు, మిగతా సగం వాడే కల్పించిండు. గిలటీన్ తమ్ముడు చంద్రుని మీద ఉన్నడు, రోబోకి అమ్మ ఉండె, గిట్ల మస్తు చెప్పిండు. నేను మొన్న మళ్ళ చూస్తే అవేం లేవు, ఉన్న డైలాగులేమో చప్పగున్నయి. అంటే మనల్ని భయపెట్టింది గా సీరియల్ కాదు, మా అన్న చెప్పిన కథ. ఇప్పుడు నీ కొడుకు ఇంగ్లీష్ మీడియం, వానికి అన్ని సమజైతయి, మరి నువ్వు చూసింది వాడెట్ల చూస్తడు? చూపించొద్దని అంటలేను, నీకున్న ప్రేమ వానికి వస్తదనుకోకు, అంతే.

తొంభైల_బ్యాచ్:
నేను మీకంటే చిన్న, మాది 1998లో దూరదర్శన్‌లో వచ్చిన కెప్టెన్ వ్యోమ్ తరం, కేతన్ మెహతా తీసింది, మిలింద్ సోమన్ హీరో, జైలు నుంచి తప్పించుకున్న నేరస్తుల్ని గ్రహాల వెంట పట్టుకునే కథ. ఈమధ్య అది మళ్ళీ చూడ్డానికి కూచున్నా, కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి ఉసూరుమనిపించింది, ఒకప్పుడు అదే చూసి నోరు తెరుచుకుని కూచున్నా కదా. నా ఉద్దేశం ఏంటంటే ఇదంతా ఒకటే ఛానల్ ఉండడం వల్ల. వేరే దిక్కులేక చూశాం, దిక్కులేక చూసింది బాగా గుర్తుంది. దాన్ని మళ్ళీ తీసుకొచ్చి ఇప్పటి పిల్లల నెత్తిన పెట్టడం ఎందుకు?

రామంతాపూర్_యాంటెన్నా:
@తొంభైల_బ్యాచ్ అదే ఛానల్లో కృషిదర్శన్ కూడా చూశాం తమ్ముడూ, వేరే దిక్కులేకే చూశాం. ఎరువుల సలహాలు నీకేమన్నా గుర్తున్నాయా? ఒకటే ఛానల్ కాబట్టి అందరం చూశాం, అది ఒప్పుకుంటా. అందరం చూసిన వాటిలో ఇదొక్కటే ఎందుకు నలభై ఏళ్ళు నిలిచిందో దానికి ఛానల్ లెక్క సరిపోదు.

@కుషాయిగూడ నీ పాయింటు నన్ను నిజంగా ఆలోచింపజేసింది భయ్యా. కానీ డైలాగు అర్థం కాకుండానే నీకు ఆ పిల్లాడు ఎప్పుడు భయపడ్డాడో, రోబో ఎప్పుడు దెబ్బతిన్నదో తెలిసింది కదా, మీ అన్న కథ అల్లుకున్నది దాని చుట్టూనే కదా. చప్పటి సీరియల్ అయితే మీ అన్న అంత కష్టపడి గిలటీన్‌కి తమ్ముడిని ఎందుకు పుట్టిస్తాడు.

కృష్ణానగర్_కెమెరా:
గ్రాఫిక్స్ మాట వచ్చింది కాబట్టి నా పని గురించి కొంచెం. సూటులో ఉన్న మనిషిని మామూలుగా షూట్ చేస్తే మనిషిలాగే నడుస్తాడు. అందుకని కెమెరాని సెకనుకి 24 ఫ్రేముల కంటే బాగా ఎక్కువ స్పీడులో తిప్పి, వేసేటప్పుడు 24లోనే వేస్తారు. అడుగు నిదానంగా పడుతుంది, కూలిన గోడ నిదానంగా కూలుతుంది, దుమ్ము నిదానంగా లేస్తుంది, కంటికి బరువు తెలుస్తుంది. జపానోళ్ళు ఇందులో ఆరితేరారు. నీళ్ళు, మంట మాత్రం మోసం చేస్తాయి, ఎందుకంటే బిల్డింగుని చిన్నగా కట్టొచ్చు గానీ నీటిచుక్కని చిన్నది చెయ్యలేం, అందుకే సముద్రంలోంచి రాకాసి లేచే సీన్లలో తొట్టి అని ఠక్కున తెలిసిపోతుంది, అదే ఊళ్ళో బిల్డింగులు తొక్కే సీన్లు ఇప్పటికీ నిలబడతాయి.

98 నాటి టీవీ గ్రాఫిక్స్ ఎందుకు పాతబడ్డాయంటే అందులో వెలుగు నిజం కాదు, దుమ్ము నిజం కాదు, మెషీన్ ఎంత చెయ్యగలిగితే అంతే, మరుసటేడాది ఇంకో మంచి మెషీన్ వస్తుంది. రబ్బరు సూటు మీద పడ్డ లైటు మాత్రం నిజం లైటే. మన విఠలాచార్య గారి జానపదాల్లో అస్థిపంజరాలు డాన్స్ చేస్తుంటే హాల్లో జనం ఈలలు వేస్తూనే భయపడ్డారు, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో కెమెరా ముందు ఉన్నదాన్నే ఆడించాడాయన. కాబట్టి చవగ్గా తీశారు, నవ్వొస్తుంది అనేవాళ్ళకి నా సమాధానం, చవక వేరు, నిర్లక్ష్యం వేరు. జెయింట్ రోబోట్‌లో నిర్లక్ష్యం నాకు కనపళ్ళేదు.

మౌలాలి_మాస్టారు:
మీరందరూ సూట్లు, గ్రాఫిక్స్ అంటున్నారు, అసలు విషయం వదిలేశారు బాబూ. ఆ సీరియల్ వచ్చేనాటికి హిరోషిమా, నాగసాకి జరిగి 22 ఏళ్ళు. దాన్ని తీసినవాళ్ళలో చాలామంది ఆ యుద్ధం కళ్ళారా చూసిన వయసువాళ్ళే అయ్యుంటారు. ఇప్పుడు కథ చూడండి: రోబోకి ప్రాణం పోసింది అణు పేలుడు. చివర్లో గిలటీన్ పర్వతమంత పెరిగి నిలబడి, నా ఒళ్ళంతా అణుశక్తే, నన్ను కొడితే భూమి మొత్తం పేలిపోతుంది అంటాడు. శత్రువు ఎదురుగా ఉన్నాడు, చేతిలో ఆయుధం ఉంది, కొట్టకూడదు. చిన్నపిల్లల సీరియల్లో ఇంత మాట పెట్టారు.

మా ఇలాకాలో అణు అనే మాట కొత్తదేం కాదు. ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది కూడా 1967లోనే, అదీ అణుశక్తి శాఖ కిందే, పక్కనే అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ. ఆ ఈసీ టీవీలు తయారైంది ఈసీఐఎల్‌లోనే. 1979 జులైలో అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని తెలంగాణ పల్లెల్లో జనం కోళ్ళు, మేకలు కోసుకుని తినేశారు, ఎలాగూ పోతాం కదా అని. అది చివరికి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. ఆ భయం పోయిన కొన్నేళ్ళకి ఈ సీరియల్ వచ్చింది, ఆ వెనకాముందే 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం. పిల్లలకి తెలియకపోవచ్చు గానీ పక్కన కూచున్న పెద్దవాళ్ళు దాన్ని తేలిగ్గా చూళ్ళేదు. మా నాన్నగారు పేపర్ పక్కన పెట్టి చూసేవారు. కాబట్టి చూపించండి, కాకపోతే 1945లో ఏం జరిగిందో ముందు చెప్పి చూపించండి.

నల్లకుంట_అక్క:
మాస్టారూ, మీరు చెప్పింది గౌరవిస్తాను, అణుబాంబు సంగతి నేను ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా నా అభ్యంతరం పోలేదు. చెప్పి చూపించే నాన్నలు ఎంతమంది? ఫోన్ చేతికిచ్చి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మనకి అప్పుడు గది నిండా మనుషులు ఉన్నారు, భయమేస్తే పక్కవాడి చొక్కా పట్టుకున్నాం. ఇప్పుడు పిల్లాడు ఒక్కడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ కన్ను చూస్తాడు. రెండూ ఒకటి కాదండీ.

కుషాయిగూడ_పోరడు:
అక్క చెప్పింది కరెక్ట్. గా గది లేకుంటే నేనైతే లేచి పారిపోతుంటి.

రామంతాపూర్_యాంటెన్నా:
అక్కా, ఒంటరిగా చూడకూడదు అన్నదానికి నాకు అభ్యంతరం లేదు, మేం కలిసే చూస్తున్నాం. తుపాకీ సీన్లు వచ్చినప్పుడు ఆపి మాట్లాడుకుంటున్నాం కూడా. కానీ నేను కత్తిరించను అంటున్నది చివరి ఎపిసోడ్ కోసం.

చూడనివాళ్ళు ఇక్కడ ఆపెయ్యండి, కథ చెప్పేస్తున్నా. గిలటీన్‌ని కొట్టకూడదు అని తెలిశాక జానీ ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతాడు. అప్పుడు రోబో ఎవరూ చెప్పకుండా తనంతట తనే కదులుతుంది. గిలటీన్‌ని పట్టుకుని పైకి లేస్తుంది. కిందనుంచి జానీ ఆగు, వెనక్కి రా అని గడియారంలో అరుస్తూనే ఉంటాడు, 26 ఎపిసోడ్లు వాడి మాట జవదాటని రోబో ఆ ఒక్కసారి వినదు. అంతరిక్షంలోకి పోయి ఉల్కని గుద్దుకుంటుంది, ఇద్దరూ పోతారు. మాట వినడమే తెలిసిన యంత్రం మాట వినకపోవడంతో కథ అయిపోతుంది. ఇది పిల్లాడికి తగలాలంటే ముందు అన్ని వారాలూ అది ఎలా మాట విన్నదో చూసి ఉండాలి, జానీ ఎంత భయపడుతూ ఆ ఆర్డర్లు ఇచ్చాడో చూసి ఉండాలి. తుపాకులున్నవి తీసేసి, కన్నున్నది తీసేసి, మంచివి నాలుగు ఏరి చూపిస్తే ఆఖర్న రోబో పోయినప్పుడు ఒక ఇనప బొమ్మ పోయినట్టే ఉంటుంది.

తొంభైల_బ్యాచ్:
అన్నా ఆ ఎండింగ్ మీరు చెబుతుంటేనే ఒకలా అయిపోయింది. ఒకటే ఛానల్ అన్న మాట మీద ఇంకా నిలబడుతున్నా, కానీ ఇది చూస్తా.

నల్లకుంట_అక్క:
ఆ చివరిది నాకూ గుర్తుంది, ఏడ్చాను. దానికి కూడా నేను మొదటి ఎపిసోడ్, చివరి ఎపిసోడ్ చాలంటాను. మొదట్లో రోబో వాడి గొంతుకి ఎలా కట్టుబడిందో చూశాక, చివర్లో ఎందుకు వినలేదో ఏ పిల్లకైనా అర్థమవుతుంది, మధ్యలో అంతమంది చావక్కర్లేదు. వచ్చే నెల మా ఇంటికి మేనకోడళ్ళు వస్తున్నారు, ఎనిమిదేళ్ళది ఒకతి, పన్నెండేళ్ళది ఒకతి. ఆ రెండే వేస్తాను. మీవాడు మొత్తం చూశాక వాడేమన్నాడో మీరు రాయండి, వీళ్ళేమన్నారో నేను రాస్తాను.

మౌలాలి_మాస్టారు:
కన్నున్న ఎపిసోడ్ పన్నెండేళ్ళ అమ్మాయికి చూపించమ్మా, పక్కన కూచో, చాలు. ఎనిమిదేళ్ళదానికి వద్దు, ఆ విషయంలో నీదే రైటు.

రామంతాపూర్_యాంటెన్నా:
సరే అక్కా, రాస్తా. మేం ఇంకా సగంలో ఉన్నాం, గిలటీన్ తరఫు విలన్, వెండి మొహం డాక్టర్ బొటానస్ దగ్గర. మావాడు రాత్రి హాల్లో లైటు ఆర్పనివ్వట్లేదు, అయినా తర్వాతి ఎపిసోడ్ ఎప్పుడని అడుగుతున్నాడు.