ఇంట్లో బ్లాక్ పౌడర్: ఇనుప బీరువానా, చెక్కపెట్టెనా?

పెన్సిల్వేనియా వేటగాడు:
డిసెంబరు 26న మొదలయ్యే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకి) వేట సీజను కోసం 5 పౌండ్ల బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్ల తుపాకి మందు కొన్నాను. తుపాకులుంచే ఇనుప బీరువాలోనే దాన్నీ పెట్టి తాళం వేయవచ్చా? ఇంటి బీమాకు ఇబ్బంది వస్తుందా?

ఒహాయో శ్రీను:
బీరువాలో మాత్రం వద్దండి. ఆరుబయట భగ్గుమని మండిపోయే మందే, గట్టి ఇనుప గోడల మధ్య అంటుకుంటే వాయువులకు దారి దొరక్క బీరువానే బాంబుగా మారుస్తుంది. అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పేలుడు పదార్థాలపై రాసిన 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో 20 పౌండ్లకు మించకుండా, కంపెనీ డబ్బాల్లోనే, కనీసం అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టెలో ఉంచాలి. చెక్క వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది, ఒత్తిడి పెరిగితే విడిపోతుంది.

హ్యూస్టన్ ప్రసాద్:
కొత్తవారిని ఎందుకు బెదరగొడతారు? ఫెడరల్ చట్టం 50 పౌండ్ల వరకు లైసెన్సు అడగదు.

ఒహాయో శ్రీను:
ప్రసాద్ గారూ, సగం చెప్పి వదిలేయకండి. ఆ మినహాయింపు ఫ్యాక్టరీలో తయారైన మందుకు, అదీ పాతకాలపు తరహా తుపాకుల్లో క్రీడ, వినోదం, సంస్కృతి కోసం వాడేదానికే. ఇంట్లో నూరుకున్నదానికి వర్తించదు. 20 పౌండ్లన్నది అగ్నిప్రమాద నిబంధన. రాష్ట్రమో, ఊరో ఇంకా తగ్గించి ఉండవచ్చు కనుక స్థానిక ఫైర్ మార్షల్‌ను (అగ్నిభద్రతా నిబంధనలు చూసే అధికారిని) అడగడమే సరైన దారి.

కరోలినా భారతి:
ప్లాస్టిక్ సీసాల్లో వచ్చే మందు స్టాటిక్ (రాపిడితో పుట్టే విద్యుత్తు) నిప్పురవ్వకు అంటుకోదా? మా ఆయన పాత రేకు డబ్బాల్లోకి మారుస్తున్నారు.

ఫిరంగి దళం:
మా చారిత్రక ప్రదర్శన బృందంలో మందు బాధ్యత నాదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను, మార్చనివ్వకండమ్మా. గ్రాఫైటు పూత ఉన్న గింజల మీదుగా ఆ విద్యుత్తు పైపైనే పారిపోతుంది, మందు అంత తేలిగ్గా అంటుకోదు. డబ్బా మారిస్తే మాత్రం లోపలున్నది ముతక గింజల రకం ఎఫ్‌ఎఫ్‌జీనో, పాన్‌లో (తుపాకికి నిప్పురవ్వ పడే చిన్న పళ్లెంలో) పోసే సన్న గింజల రకం ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌జీనో ఎవరికీ తెలియదు.

హ్యూస్టన్ ప్రసాద్:
అంటే స్టాటిక్ గురించి జాగ్రత్తే అక్కరలేదంటారా? నిప్పుతో చెలగాటం నేర్పుతున్నది మీరే!

ఫిరంగి దళం:
నేను అనని మాట నాకు అంటగట్టకండి. అసలు భయం మంటతోనూ, నిప్పుకణికతోనూ. పేల్చిన తుపాకి గొట్టంలో కణిక మిగిలి ఉండవచ్చు. అందుకే డబ్బా నుంచి నేరుగా ఎన్నడూ పోయకూడదు, వేరే కొలపాత్రతోనే పోయాలి. ఇంట్లోనైతే పెట్టెను వాటర్ హీటరు, ఫర్నేసు దరిదాపుల్లో ఉంచకూడదు.

కరోలినా భారతి:
తడిసి గడ్డకట్టినదాన్ని ఏం చేయాలి?

ఒహాయో శ్రీను:
ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయవద్దు. పుష్కలంగా నీళ్లు పోస్తే అందులోని సురేకారం కరిగిపోతుంది. ఆ నీళ్లు పశువులకు అందకుండా చూడాలి.

పెన్సిల్వేనియా వేటగాడు:
చెక్కపెట్టె చేయిస్తున్నాను. బీమా సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒహాయో శ్రీను:
పాలసీలో పేలుడు పదార్థాల షరతు చదివి, కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందకుండా ఉంచండి.