పిల్లలకు ఇంట్లో నెదర్లాండ్స్ గురించి చెప్పేటప్పుడు చేదు కూడా చెప్పాలా?

గుంటూరు అమ్మ:
మా పాపకు ఎనిమిదేళ్ళు. మా ఆడపడుచు వాళ్ళు ఐంధోవెన్‌లో ఉంటారు. డిసెంబరులో అక్కడికి వెళ్తున్నాం కాబట్టి రోజూ సాయంత్రం ఒక అరగంట ఆ దేశం గురించి చెబుతున్నాను. గాలిమరలు, తులిప్ పూలు, సైకిళ్ళు, గౌడా జున్ను అన్నీ వారంలో అయిపోయాయి. ఇప్పుడు సింటర్‌క్లాస్ పండుగ దగ్గర ఆగాను. నవంబరు మధ్యలో స్పెయిన్ నుంచి ఓడలో వచ్చే పెద్దాయన, ఆయన గుర్రం కోసం పిల్లలు తమ బూట్లలో పెట్టే క్యారెట్, డిసెంబరు 5 రాత్రి కానుకలు పాపకు ఎంతో నచ్చాయి. ఆయన వెంట పీట్ అనే సహాయకుడు వస్తాడు. పాత బొమ్మల్లో అతని ముఖం నిండా నల్లరంగు, పెదవులకు ఎర్రరంగు, తలకు ఉంగరాల విగ్గు. "అమ్మా, ఈయన ముఖం ఎందుకిలా ఉంది?" అని అడిగింది. "పొగగొట్టంలోంచి దిగి వస్తాడు కదా, మసి అంటుకుంది" అని దాటవేశాను. అప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఆ వేషం వెనకున్న బానిసత్వం, వలసపాలన ఈ వయసు పిల్లకు చెప్పవచ్చా?

హైదరాబాద్ తాతయ్య:
వద్దమ్మా. పరాయి దేశం మీద పిల్లకు ముందు ఇష్టం పుట్టాలి. ఇష్టం పుట్టాక తప్పులు తెలిసినా అక్కడి వాళ్ళను మనుషులుగానే చూస్తుంది. మా మనవడికి ఏడేళ్ళప్పుడు జలియన్‌వాలా బాగ్ గురించి అంతా చెప్పాను. ఆ తర్వాత మా పక్క వాటాలో దిగిన ఇంగ్లండు దంపతులు పలకరిస్తే లోపలికి పరుగెత్తి తలుపు వేసుకునేవాడు. రెండు నెలలు పట్టింది వాడు మళ్ళీ మామూలు కావడానికి. అది నా తొందర వల్ల జరిగింది.

ఐంధోవెన్ నాన్న:
మసి కథ ఇక్కడి పెద్దలు కూడా చెప్పినదే. మసి ముఖానికే అంటి బట్టలకు ఎందుకు అంటలేదని మా అమ్మాయి అడిగింది. తనకు ఆరేళ్ళప్పుడు తోటి పిల్లవాడు "నీకు రంగు వేయక్కర్లేదు, నువ్వు పీట్ కావచ్చు" అన్నాడట. వాడి మనసులో ఏ చెడూ లేదు. ఆ సాయంత్రం స్నానాల గదిలో మా అమ్మాయి సబ్బుతో మోచేతులు రుద్దుకుంటూ ఉండటం చూశాను. ఆ రోజు నా దగ్గర తనకు చెప్పడానికి మాట లేదు. ముందే చెప్పి ఉంటే, కనీసం ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తనకు తెలిసేది.

ఇంకొకటి కూడా పాపకు చెప్పండి. పదేళ్ళకు పైగా ఇక్కడ దీని మీద నిరసనలు, గొడవలు జరిగాయి. ఇప్పుడు చాలా ఊళ్ళలో పీట్ ముఖం మీద మసి చారలే ఉంటున్నాయి. బానిసత్వంలో తమ దేశం పాత్రకు 2022 డిసెంబరు 19న ప్రధానమంత్రి, 2023 జూలై 1న రాజు క్షమాపణ చెప్పారు.

తెలుగు ముందు:
మచిలీపట్నం చరిత్ర తెలియని పిల్లలకు రోటర్‌డామ్ ఎందుకండీ? ఆ అరగంట మన ఊళ్ళకు ఇవ్వండి.

అవనిగడ్డ మాస్టారు:
మచిలీపట్నం అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. డచ్చివారి, అంటే నెదర్లాండ్స్ వాళ్ళ, ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం మొదట్లో అక్కడ వర్తక స్థావరం పెట్టింది. మన తీరంలో అద్దిన నూలు బట్టలు ఓడలెక్కి వెళ్ళాయి. నెదర్లాండ్స్‌లోని హిండెలోపెన్ అనే చిన్న ఊరి ఆడవాళ్ళు అలాంటి మన దేశపు బట్టతోనే పొడుగు పైకోట్లు కుట్టించుకునేవారు. దాన్ని వాళ్ళు 'సిట్స్' అంటారు. మన 'చీటిగుడ్డ'కు ఆ మాట చుట్టమే. అదే కంపెనీ కరువు ఏళ్ళలో ఇదే కోస్తాలో పేదలను కొని, నేటి జకార్తా అయిన బటావియాకు బానిసలుగా తరలించింది. వాళ్ళ చరిత్ర చెబితే మన చరిత్ర చెప్పినట్టే.

అయితే తల్లీ, చెప్పే వరస ముఖ్యం. గాలిమర బొమ్మ చూపించారు సరే, అది ఎందుకు తిరుగుతుందో చెప్పారా? ఒక తాంబాళం తీసుకుని, అందులో అరచేయంత మడి చేయించి, బంకమట్టితో చుట్టూ గట్టు వేయించండి. గట్టు బయట నీళ్ళు పోయండి. లోపల పొడిగానే ఉంటుంది, పిల్ల సంబరపడుతుంది. అప్పుడు మడి మీద చెంబుతో వాన కురిపించండి. లోపల పడిన నీటికి పోయే దారి లేదు, బయటి నీరేమో ఎత్తులో ఉంది. మీరు చెప్పకుండానే చెంచాతో తోడిపోస్తుంది. ఆ చెంచాయే గాలిమర. కిండర్‌డైక్ అనే ఊళ్ళో 1740 ప్రాంతంలో కట్టిన మరలు చేసింది ఆ పనే. అవి 19 ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆ దేశంలో సుమారు నాలుగో వంతు నేల సముద్రమట్టానికి దిగువన ఉంది. తోడటం ఆపితే మునుగుతుంది. అక్కడి పిల్లలు ఈత పరీక్షలో బట్టలతోనే నీళ్ళలోకి దిగుతారు. కాలువలో జారిపడే పిల్ల బట్టలతోనే కదా పడుతుంది!

1953లో జనవరి 31 రాత్రి, తెల్లవారితే ఫిబ్రవరి 1, సముద్రం కట్టలు తెంచుకుని ఆ దేశపు నైరుతి మూలనున్న జీలాండ్ ప్రాంతం మీద పడింది. దేశం మొత్తం మీద 1,836 మంది పోయారు. నేను 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసినవాణ్ణి. నీరు తీశాక మా గడపకు అంటిన ఉప్పు పొర ఇంకా కళ్ళముందే ఉంది. జీలాండ్ రైతు పొలంలోనూ మిగిలింది అదే ఉప్పు. తరవాత ఓస్టర్‌స్కెల్డె అనే సముద్రపు పాయను ఆనకట్టతో పూర్తిగా మూసేద్దామన్నారు. ఉప్పునీటి మీద బతికే జాలరులు, ప్రకృతి గురించి ఆలోచించేవాళ్ళు అడ్డుపడ్డారు. ఏళ్ళ తరబడి వాదించుకుని, చివరికి 62 ఉక్కు తలుపులు పెట్టి 1986లో ప్రారంభించారు. మామూలు రోజుల్లో అవి తెరిచే ఉంటాయి, తుపానుకు దించుతారు. ఒకసారి అనుకున్నదాన్ని వాదించి మార్చుకున్నారన్నమాట. ఇది తెలిసిన పిల్లకు పీట్ ముఖం మీద జరిగిన గొడవ కూడా అర్థమవుతుంది.

హైదరాబాద్ తాతయ్య:
తాంబాళం నాకూ నచ్చింది మాస్టారూ, మా మనవరాలితో చేయిస్తాను. పీట్ గురించి పాపే అడిగింది కాబట్టి నిజం చెప్పాలనీ ఒప్పుకుంటాను. బటావియా ఓడలు మాత్రం వద్దు. పిల్ల అడగనిది మనం తెచ్చి దాని నెత్తిన పెట్టకూడదు.

ఐంధోవెన్ నాన్న:
అడిగేదాకా ఆగాలంటే, అడగడానికి దానికి ఏదో ఒకటి కనిపించాలి కదండీ తాతయ్యగారూ. మా అమ్మాయి అడిగే లోపే తగలాల్సిన మాట తగిలింది.

గుంటూరు అమ్మ:
నిన్న తాంబాళం పెట్టాం. గట్టు రెండుసార్లు తెగింది. మూడోసారి మట్టిలో గడ్డిపరకలు కలిపితే నిలిచింది, ఆ ఉపాయం పాపదే. చేతులు కడుక్కుంటుంటే చెప్పాను: "మసి అన్నాను కదా, అది నిజం కాదు. నల్లగా ఉన్నవాళ్ళను నౌకర్లుగా, నవ్వుకునే బొమ్మలుగా చూసిన రోజుల్లో వేసిన వేషం." కాసేపు మాట్లాడలేదు. తరవాత, "చాలా ఊళ్ళలో మార్చారా, అన్ని ఊళ్ళలోనా?" అంది. చాలా ఊళ్ళలో అన్నాను. "అత్తయ్య వాళ్ళ ఊళ్ళో?" అని అడిగింది. ఐంధోవెన్ నాన్నగారూ, దీనికి జవాబు మీరే చెప్పాలి.

ఓడల సంగతి ఇంకా చెప్పలేదు. దసరా సెలవుల్లో పెడన తీసుకెళ్ళి అద్దకం చూపిస్తాను. ఈ బట్టలు అంతదూరం ఎవరు తీసుకెళ్ళారని అక్కడ అడుగుతుందని నా నమ్మకం. అడిగితే దాచను.