అప్‌డేట్: మైనర్ లీగ్ అంకెలను ఎంతవరకు నమ్మాలి?

బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి మేజర్ లీగ్‌కు కింద ఉండే మైనర్ లీగుల్లో ఆడే కుర్రాడి గణాంకాలను ఎంతవరకు నమ్మవచ్చని, బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు జాక్సన్ హాలిడేను ఉదాహరణగా చూపి అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బ్యాటింగ్ సగటు కంటే ముందు వయసు (ఆ స్థాయిలో మిగతావారికంటే ఎంత చిన్నవాడో) చూడమని ఎక్కువ మంది చెప్పారు. ఆ లెక్కన హాలిడే 2023 సీజన్ అసాధారణమే. 19 ఏళ్లకే ఓరియోల్స్‌కు చెందిన మైనర్ లీగ్ జట్లయిన డెల్మార్వా, అబర్డీన్, బోవీ, నార్‌ఫోక్‌లకు (కింది స్థాయి నుంచి పై స్థాయికి) ఆడి, నాలుగు స్థాయిలనూ ఒకే ఏడాదిలో దాటాడు. అయినా 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌కు పిలిస్తే తొలి 10 మ్యాచ్‌లలో 2 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం), 18 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్ కావడం)! వెంటనే నార్‌ఫోక్‌కు తిప్పి పంపారు.

దీన్ని బట్టి అంచనాలన్నీ వృథా అంటే నేను ఒప్పుకోను. ఆటగాళ్ల ప్రతిభను అంచనా వేసే స్కౌట్లు 20 నుంచి 80 వరకు ఉండే కొలమానంలో ఇప్పటి ఆటకు ఒక మార్కు, ముందుముందు చేరగల స్థాయికి మరో మార్కు వేస్తారు. మేజర్ లీగ్ సగటు 50. మనం రెండో మార్కు చూసి మొదటిదాన్ని మరచిపోతున్నాం. ఇక డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) స్థానానికి నా దృష్టిలో విలువ బాగా తగ్గింది. 2019లో 42వ ఎంపికగా వచ్చిన గన్నర్ హెండర్సన్ 2023లో అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, అదీ ఏకగ్రీవంగా.

పిచర్ల (బంతి విసిరేవారి) సంగతే ఇంకా తేలలేదు. గ్రేసన్ రోడ్రిగెజ్ 2022లో నార్‌ఫోక్‌లో అద్భుతంగా విసురుతూనే గాయపడ్డాడు. ఆ ప్రమాదాన్ని మార్కుల్లో ఎలా లెక్కిస్తారో తెలిసినవారు చెప్పగలరా?