తొమ్మిదో తరగతి ఛందస్సు: ఉత్పలమాలతో మొదలుపెట్టాలా, ఆటవెలదితోనా?

సూర్యగణం:
చాలా బడుల్లో వరస ఇదే: గురులఘువులు, గణాలు గుర్తుపెట్టుకునే ‘యమాతారాజభానసలగం’ సూత్రం, ఆ వెంటనే ఉత్పలమాల. పిల్లలు ‘భ ర న భ భ ర వ’ అని గడగడా అప్పజెప్తారు, పద్యం ఇస్తే మాత్రం ఎక్కడ ఆపాలో తెలీదు. ముందే నోటికి వచ్చిన వేమన పద్యంతో మొదలుపెడితే ఈ తిప్పలు ఉండవని నా వాదన.

మత్తకోకిల:
ఒప్పుకోనండీ. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. మూడేసి చొప్పున కోస్తే ఆరు గణాలు, మిగిలిన రెండూ వగణం (లఘువు, గురువు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, 10వ అక్షరం. తప్పు ఎక్కడ జరిగిందో వేలుపెట్టి చూపించొచ్చు.

అదే వేమన ఆటవెలది ‘ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు’ ఇవ్వండి. అలవాటుకొద్దీ మూడేసి కోస్తే ‘ఉప్పుక’ రగణం, ‘ప్పురంబు’ జగణం, చివర ‘డు’ ఒంటరి. రగణం ఆటవెలదిలో వచ్చే ఇంద్రగణాల్లో ఒకటే కాబట్టి పిల్లవాడికి తాను తప్పినట్టే తెలీదు.

సూర్యగణం:
మూడేసి కోయడం ముందు నేర్పారు కాబట్టే ఆ తప్పు! ఆటవెలది ముందు చెప్తే 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే కదా: హగణం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). అవి రెండూ వచ్చాక ముందు 4వ పాదం ఇవ్వండి: విశ్వ – దాభి – రామ – వినుర – వేమ. ‘వినుర’ ఒక్కటే నగణం, మిగతావన్నీ హగణాలు. ఇంద్రగణాలు ఆరూ మర్నాటి పీరియడ్‌కి.

మత్తకోకిల:
సరే, రాగం సంగతో? పాడుతూ చదివితే ‘వేమా’ అని సాగుతుంది. ‘మ’ మీద గురువు గుర్తు పెట్టేస్తారు.

పొల్లు:
రాగం తీయించకండి. లఘువుకి ఒక చప్పట్ల దెబ్బ, గురువుకి రెండు. పలకమీద రాసింది చూసి గుర్తు పెట్టాలి, చెవిని నమ్మి కాదు.

ఇద్దరూ వదిలేసిన చిక్కు యతి. మొదటి పాదంలో ‘ఉ’కీ నాలుగో గణం మొదట్లో ఉన్న ‘నొ’కీ మైత్రి ఏమిటని అడుగుతారు. అక్కడున్నది ‘ఒక్క’; నకారం ముందు పదం నుంచి వచ్చి చేరింది. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు అని పలకమీద విడదీసి చూపాలి. రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ ఇంకా గడ్డు. ‘చూ’, ‘జా’ల్లో హల్లులు కలుస్తాయి, అచ్చులు కలవవు. చూడ – జాడ: రెండో అక్షరం ‘డ’ కలిసింది, కనుక ప్రాసయతి. ఉత్పలమాల లాంటి వృత్తాల్లో ఈ వెసులుబాటు లేదు. అందుకే ఆటవెలదితో మొదలుపెట్టినా యతి పాఠానికి 3, 4 పాదాలే వాడాలి: పు–పు, వి–వి.

మత్తకోకిల:
గణాలకు ఆటవెలది ముందన్నది ఒప్పుకుంటాను. యతి మాత్రం ఉత్పలమాలలోనే మొదలవ్వాలి. అక్షరాలు లెక్కపెడితే స్థానం దొరుకుతుంది, ప్రాసయతి అడ్డురాదు.

పొల్లు:
ఏది ముందు చెప్పినా ‘సుకృతి’లో ‘సు’ని గురువు చేస్తారు, చూసుకోండి. వట్రుసుడి అచ్చు గుర్తే గానీ వత్తు కాదు, ‘సు’ లఘువే. ‘చక్రం’లో ‘చ’ గురువు. రెండూ పక్కపక్కన రాయిస్తే తేడా కనిపిస్తుంది.