అమ్మకు ‘కరెంటు’ పెడతారట, ధైర్యం చెప్పేవారున్నారా?

నాగావళి:
అమ్మకు 61 ఏళ్లు, మాది శ్రీకాకుళం వైపు. ఎన్నో ఏళ్లుగా అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునేది. అంగిట్లో పుండు క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు 30 విడతల రేడియేషన్ అన్నారు. వచ్చే గురువారం మాస్కు చేస్తారట. ఊళ్లో అందరూ ‘కరెంటు పెడతారు’ అనడంతో షాక్ కొడుతుందని బెంగ పెట్టుకుంది. అసలు ఏం జరుగుతుంది?

మాస్కు మనిషి:
ముందు ఆ కరెంటు మాట ఇంట్లో మానేయండి. ఎక్స్‌రే తీసినప్పుడు అమ్మగారికి ఏమైనా తెలిసిందా? ఇదీ అంతే, కిరణం తగిలిన సంగతే తెలియదు.

రెండేళ్ల క్రితం నాకు బుగ్గ క్యాన్సర్‌కు 33 విడతలు ఇచ్చారు, వారానికి 5 రోజులు. నన్ను భయపెట్టింది మాస్కే. చిల్లులున్న ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరిచి ఒత్తుతారు. కాసేపటికి మన ముఖం అచ్చులాగే గట్టిపడుతుంది. దాన్ని బల్లకు బిగించి, తల కదలకుండా సీటీ స్కాన్ తీస్తారు. ఆ తర్వాత కిరణాలు ఎక్కడ, ఎంత పడాలో లెక్కవేసే ప్లాన్ తయారు కావడానికి వారం పైనే పట్టింది. మరిచిపోయారేమోనని ఫోను కూడా చేశాను.

రోజూ బల్ల మీద ఉండేది పావుగంట. సిబ్బంది బయటికి వెళ్లిపోతారు గానీ కెమెరాలో చూస్తూనే ఉంటారు. చెయ్యి ఎత్తితే మెషిన్ ఆపేస్తారు. మొదటి రోజే ఎత్తాను నేను, ఎవరూ విసుక్కోలేదు.

పళ్ల డాక్టరు:
గురువారం లోపే పళ్లు చూపించండి. పుచ్చినవి ఇప్పుడే తీయించాలి, ఆ గాయం మానడానికి రెండు వారాలైనా కావాలి. రేడియేషన్ పడిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. చుట్ట కాల్చేవారి పళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

చేమంతి:
నాది రొమ్ము, 15 విడతల్లోనే అయిపోయింది. చర్మం నల్లబడింది, చంక కింద మండింది, అంతే. ఇంట్లోవాళ్లు మాత్రం మనవణ్ణి దగ్గరికి రానివ్వలేదు! బయటి మెషిన్‌తో ఇచ్చే కిరణాలు ఒంట్లో నిలవవని డాక్టరమ్మ చెప్పాక గానీ వాణ్ణి ఎత్తుకోలేదు.

గోదారి గట్టు:
మా నాన్నకు గొంతు. మొదటి రెండు వారాలు హాయిగా తిన్నారు. ‘ఇంతేనా’ అనుకున్నాం. మూడో వారంలో నోరంతా పుళ్లు, మింగుడు పడలేదు, ఏది పెట్టినా ఇసుక తిన్నట్టుంది అన్నారు. సంక్రాంతికి ఊరు తీసుకెళ్లి పది రోజులు మానిపించాం. డాక్టరు బాగా కోప్పడ్డారు, మధ్యలో ఖాళీ ఇస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయట. తప్పు మాదే. పసుపు కలిపిన కొబ్బరినూనె మాత్రం మెడకు రోజూ రాశాం, చల్లగా ఉండేది.

మాస్కు మనిషి:
నూనె విషయం డాక్టరును అడగకుండా చేయకండి. మెషిన్ ఎక్కే ముందు మెడకు ఏమీ పూయవద్దని నాకు గట్టిగా చెప్పారు. నోటికి పనికొచ్చింది ఉప్పు, వంటసోడా: లీటరు నీళ్లకు ఒక్కో చెంచా, రోజుకు ఐదారుసార్లు పుక్కిలింత. కారం, పులుపు బంద్. మెత్తటి పెరుగన్నం, రాగిజావ, మిక్సీలో వేసిన పప్పు. బరువు తగ్గితే మాస్కు వదులై ప్లాన్ మళ్లీ వేయాల్సి వస్తుంది. మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామంటారు, వద్దని మొండికేయకండి, నేను మొండికేసి 9 కిలోలు తగ్గాను.

ఇంకొకటి. చివరి విడత రోజున స్వీట్లు పంచకండి. ఆ తర్వాత రెండు వారాలే నాకు అన్నిటికంటే కష్టంగా గడిచాయి. రుచి తిరిగి రావడానికి నెలలు పట్టింది, లాలాజలం ఇప్పటికీ తక్కువే, జేబులో నీళ్ల సీసా ఉండాల్సిందే.

నాగావళి:
అందరికీ కృతజ్ఞతలు. రెండు పళ్లు తీశారు, అందుకని మొదలుపెట్టడం కాస్త వెనక్కి జరిగింది. మాస్కు చూసి అమ్మ ‘ఇది పిండి జల్లెడ కదే’ అంది. బెంగ తగ్గినట్టుంది, ఎందుకంటే నిన్న అడిగింది: మొదలయ్యేలోపు ఒక్క చుట్ట కాల్చుకోవచ్చా అని.

మాస్కు మనిషి:
కుదరదని చెప్పండి. పొగ తాగుతుంటే రేడియేషన్ సరిగా పనిచేయదు, పుండూ మానదు. నేనూ అదే అడిగాను లెండి.